మా డ్రిల్ సారు ఎవరి కోపాన్నీ చంపలేదు

డ్రిల్ సారు పోయారన్న కబురు నాకు శుక్రవారం పొద్దున్నే తెలిసింది. సైకిల్ షాపు ముందు కూర్చుని ఒక వెనక చక్రానికి స్పోకులు బిగిస్తున్నాను. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే యాదగిరి రోడ్డు దాటి వచ్చి నా ముందు గొంతుక్కూచున్నాడు. ఏదో ఒక మాట విసరకుండా నా దగ్గరికి రాని మనిషి, ఆ రోజు చేతిలో గుడ్డ నలుపుతూ గొంతు తగ్గించాడు.

"మల్లన్నా, మీ డ్రిల్ సారు పోయిండే. తెల్లారంగ నమాజుకు లేసిండట. కాళ్ళు చేతులు కడుక్కొచ్చి మంచం మీద కూసున్నడట. గంతే," అన్నాడు.

నేను చేతిలో పాన కింద పెట్టి షాపుకు తాళం కూడా వేయకుండా సారు ఇంటికి నడిచాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. సరిగ్గా అంతకు ముందు ఆదివారమే మా నర్సింలు కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బు తరఫున మొదటి ఆట ఆడాడు. సిద్దిపేటలో పంచర్లు వేసే మల్లయ్య కొడుకు, జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడే ఆటగాడయ్యాడు! ఆ అయిదు రోజులూ నేను నేల మీద నడవలేదు. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పాను. కొమురవెల్లి పోవడానికి బస్సు కోసం నిలబడ్డవాళ్ళను పిలిచి మరీ చెప్పాను. యాదగిరి అయితే దండం పెట్టాడు: "అన్నా, నిన్నటిసంది నాలుగుసార్లు చెప్పినవ్. ఇంగోసారి చెప్తె నేనే కలకత్తా పోత." అంత సంతోషం ఇంట్లో ఉండగానే ఈ కబురు వచ్చింది. ఏడవాలో, నా కొడుకును చూసి మురిసిపోవాలో తెలియని స్థితిలో సారును మట్టికి అప్పజెప్పి వచ్చాను.

ఇక్కడితో ఆగితే నేను కాగితం కలం పట్టేవాణ్ణి కాదు. మూడో రోజు బడిలో సంతాప సభ పెట్టారు. సారు ఫోటోకు దండ వేశారు. ఆటల సంఘం పెద్దమనిషి ఒకాయన మైకు అందుకున్నాడు. సారు బతికున్నన్నాళ్ళూ పిల్లలకు ఒక కొత్త బంతి ఇప్పించని మనిషి, ఆ రోజు అరగంట మాట్లాడాడు. మా నర్సింలు పేరు ఎత్తాడు. వాడి కాళ్ళలో దేవుడిచ్చిన విద్య ఉందన్నాడు. అయితే ముక్కు మీద కోపం కలవాడని, పొగరుబోతని, అలాంటి పిల్లవాణ్ణి పట్టుకుని వాడిలో కోపమన్నది లేకుండా చంపేసి గొర్రెపిల్లను చేసిన ఘనత మన డ్రిల్ మాస్టరుగారిదని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, గది అబద్ధం," అన్నాను.

"కూసో మల్లయ్యా. మంచి మాటనే చెప్తున్న గదా," అన్నాడాయన.

"మంచి మాటనే గని అబద్ధం. సారు ఎవ్వల కోపం చంపలే."

"గిది తగువు పెట్టుకునే జాగనా? కొడుకు పెద్దోడైతే నోరు గూడ పెద్దగైతదా?" అని పక్కనుంచి ఇంకొకాయన నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. మైకు ఇంకొకరి చేతికి పోయింది.

అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. సారు రిటైరయ్యాక ఆ బడికి వచ్చిన కొత్త డ్రిల్ మాస్టరు, ఆటలో గొడవపడిన పిల్లలను ఎండలో మోకాళ్ళ మీద నిలబెడుతున్నాడట. అడిగితే, "పెద్దసారు పద్ధతి గిదే," అంటున్నాడట. చూశారా ఎంత అన్యాయమో! సారు మట్టి ఇంకా ఆరలేదు. ఆయన ముప్పై ఏళ్ళు ఏ పని చేయొద్దని కొట్లాడాడో, ఆ పనినే ఆయన పేరుమీద పిల్లల నెత్తిన రుద్దుతున్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు. నా చదువు ఏడో తరగతి. మాట ముందూ వెనకా అయితే సర్దుకుని చదవండి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. మా వాడి కోపాన్ని చంపబోయిన మనిషి ఈ ఊళ్ళో ఒకడున్నాడు. అతను డ్రిల్ సారు కాదు. నేను.

సారుతో నాకు పరిచయం బంతితోనే. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే పైన తోలు, లోపల రబ్బరు బ్లాడరు, మూతికి బూటు లేసులాంటి తాడు. ఒక సాయంత్రం ఖాకీ ప్యాంటు, తెల్లచొక్కా వేసుకున్న సన్నటి మనిషి, గాలి పోయిన బంతిని చంకలో పెట్టుకుని షాపుకు వచ్చాడు. "భాయ్, దీనికి ఎక్కడో సన్నగ పోతున్నది. సైకిల్ పంచర్ లెక్కనే వేస్తవా?" అని అడిగాడు. బ్లాడరును నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు వచ్చాయి. నేను గట్టిగా నొక్కుతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "అట్ల నొక్కకు. చిన్న చిల్లి పెద్దగైతది. మెల్లగ ఒత్తు, అదే చెప్తది ఎక్కడున్నదో." నా పని నాకే నేర్పిస్తున్నాడే అని ఒళ్ళు మండింది. కానీ ఆయన చెప్పినట్టే చిల్లి దొరికింది.

ఆ బంతి తీసుకుపోయి ఇచ్చి రమ్మని నర్సింలును పంపాను. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. బంతి ఇచ్చి వస్తానన్నవాడు దీపాలు పెట్టే వేళకు మోకాళ్ళు చెక్కుకుని వచ్చాడు. మర్నాటినుంచి వాడు బడికి పోయేది సాయంత్రం బంతి కోసమే అయింది. నేను స్వయంగా తీసుకుపోయి సారుకు అప్పజెప్పాను. ఆ రోజుల్లో మా వైపు తండ్రులందరూ పంతుళ్ళతో అనే మాటే నేనూ అన్నాను: "సారు, కండ్లు, కాళ్ళు ఉంచి మిగతా తోలు తీయున్రి. నేనొక్క మాట అడుగ."

సారు నవ్వలేదు. "మల్లయ్యా, కండ్లు అన్నవ్, కాళ్ళన్నవ్. వాని మనసు సంగతి ఏం చెప్పకపోతివి? అది తీసినా ఫరవాలేదా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళ మాటలు ఇట్లాగే ఉంటాయనుకుని నమస్కారం పెట్టి వచ్చేశాను.

సారుకు ఒక అలవాటుండేది. ఆట మొదలయ్యేముందు చెప్పులు విప్పేసి మైదానమంతా ఒంటరిగా నడిచేవాడు. పల్లేరుకాయలు, గాజుపెంకులు, సోడాబుడ్డి మూతలు ఏరి ప్యాంటు జేబులో వేసుకునేవాడు. పారేయడం మరిచిపోయి ఇంటికి పోయేవాడు. వాళ్ళావిడ బట్టలు ఉతుకుతూ ముండ్లు గుచ్చుకుని, పోయేవచ్చేవాళ్ళతో మొర పెట్టుకునేది: "మీ సారుకు జీతం బడిల ఇస్తరు, ముండ్లు నాకు ఇస్తడు." పిల్లల చేత ఎందుకు ఏరించవని నేనొకసారి అడిగితే, "ఎవనికి ఎక్కడ కోపం వస్తదో తెల్సుకునుడు నా పని. ముల్లు గుచ్చుకుంటె వచ్చే కోపం నాకు లెక్కకు రాదు, అది తీసి పక్కకు పెట్టాలె గదా," అన్నాడు.

అంత లెక్క ఉండేది ఆయనకు కోపమంటే. మా వాడికి కోపం వస్తుందని నేను సిగ్గుపడేవాణ్ణి. సారు మాత్రం వైద్యుడు నాడి పట్టినట్టు దాన్ని పట్టి చూసేవాడు. బంతి పోయినందుకు కోపమా, పేరు పోయినందుకా? తనను తన్నినందుకా, పక్కవాణ్ణి తన్నినందుకా? ఈ ప్రశ్నలు పిల్లలను నిజంగా అడిగేవాడు. "ఓడిపోతే కోపం రాని పిల్లగాన్ని నేనేం చేసుకోను? తీస్కపోయి క్యారంబోర్డు కాడ కూసోబెట్టున్రి," అనేవాడు.

ఇక కొట్లాటకు దిగిన పిల్లవాడికి ఆయన వేసే శిక్ష ఏమిటో చెబుతాను. మోకాళ్ళ మీద నిలబెట్టడం కాదు, తెలుసుకోండి కొత్త మాస్టరుగారూ. తన మెడలోని విజిల్ తీసి వాడి మెడలో వేసేవాడు. "నీకు అన్యాయం తెలుస్తున్నది గదా. దా, ఇగ నువ్వే న్యాయం చెయ్," అనేవాడు. మిగిలిన ఆటంతా వాడే నడపాలి. అది ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను. నర్సింలుకు పదమూడేళ్ళప్పుడు, కాలు అడ్డం పెట్టి పడేసినవాడి చొక్కా పట్టుకున్నాడు. సారు విజిల్ వాడి మెడలో వేసి, తను పోయి గోడ మీద కూర్చున్నాడు. పావుగంట కాలేదు, రెండు వైపులవాళ్ళూ మా వాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు.

"అరే నర్సిగా, గది ఫౌల్ కాదురా! కండ్లు యాడ పెట్టినవ్?"

"కాలుకు తాకింది, నేను చూసిన!"

"నువ్వు చూసింది మీ బాపు షాపుల చూసినవ్. పో, పోయి గాలి కొట్టుకో!"

వాడి ముఖం ఎర్రబడింది. విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదాలో వద్దో తెలియక నిలబడ్డాడు. ఆఖరికి తన సొంత జట్టు మీదే ఫౌల్ ఊదాడు. తోటివాళ్ళు వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని వాడు నాతో అన్నాడు: "బాపు, రెఫరీకి గూడ ఒక్కోసారి కనవడదే. నాకు నిజంగనే కనవడలే." అంతే, ఆ రోజునుంచి రెఫరీ మీద కోపం వాడికి ఎప్పుడూ రాలేదు. మిగతా కోపాలన్నీ అలాగే ఉన్నాయి. సారు వాటి జోలికి పోలేదు. అవి ఉండవలసినవే అన్నాడు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

వాడికి పదిహేడేళ్ళు వచ్చాయి. హైదరాబాదులో ఒక ప్రభుత్వ శాఖ జట్టుకు కుర్రాళ్ళను ఏరుకుంటున్నారు. ఎంపికైతే ఆట, దానితోపాటు ఉద్యోగం. సారు, నేను, నర్సింలు తెల్లారే బస్సు పట్టుకుని పోయాం. మొదటి సగంలో మా వాడి ఆట చూసి పక్కన కూర్చున్నవాళ్ళు "ఎవలీ పిల్లగాడు?" అని అడిగారు. నేను లేచి నిలబడి "నా కొడుకే, నా కొడుకే," అని చెప్పుకున్నాను. ఎడమకాలితో వాడు బంతిని పట్టుకుపోతుంటే దారం కట్టి లాక్కుపోతున్నట్టుండేది.

రెండో సగంలో అవతలి డిఫెండరు, బంతి వదిలేసి, వాడి పిక్క మీద తన్నాడు. రెండుసార్లు. మూడోసారి నర్సింలు లేచి వాణ్ణి రెండు చేతులతో నెట్టేశాడు. రెఫరీ పసుపు కార్డు చూపించాడు. ఎంపిక చేసే పెద్దలు ముగ్గురూ గొడుగు కింద కూర్చుని ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. వీళ్ళు మా పెంపకం మంచిది కాదనుకుంటారు, బిడ్డకు భయమూ భక్తీ లేవనుకుంటారు అని నా బుర్రకు తోచింది. మాలాంటివాళ్ళకు ఎవరిముందైనా మర్యాద నిలబెట్టుకోవాలంటే తెలిసిన దారి ఒకటే. పెద్దల ఎదుట పిల్లవాణ్ణి కొట్టడం. అలా కొడితే పెద్దలు మెచ్చుకుంటారని అనుకుంటాం. నేను గీత దాటి మైదానంలోకి ఉరికాను. ఎవరూ ఆపేలోపు నా కొడుకు చెంప మీద కొట్టాను. కొట్టి, గొడుగు వైపు తిరిగి చేతులు జోడించాను. "తప్పయింది సారు, ఇగ జేయడు," అన్నాను.

నర్సింలు నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అసలు ఏమీ లేదు. మళ్ళీ ఆట మొదలైంది. మిగిలిన అరగంటా వాడు ఎవరినీ నెట్టలేదు. ఎవరైనా వస్తే పక్కకు తప్పుకున్నాడు. బంతి కాళ్ళ దగ్గరికి వస్తే వేరేవాళ్ళ వస్తువు ముట్టుకున్నట్టు ముట్టుకుని ఇంకొకడికి ఇచ్చేశాడు. నేను మాత్రం గట్టు మీద కూర్చుని, హమ్మయ్య, బుద్ధిగా ఆడుతున్నాడు అని సంతోషపడ్డాను. అంత వెర్రివాణ్ణి నేను.

సాయంత్రం కాగితం అంటించారు. వాడి పేరు లేదు. ఒక పెద్దాయనను సారు అడిగితే, "ఆట ఉంది మాస్టారూ, స్వభావం లేదు," అని చెప్పి కారెక్కాడు. అయ్యా, ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. మూడుసార్లు పిక్క మీద తన్నినవాడి పేరు ఆ కాగితంలో ఉంది! వాడు నవ్వుతూ తన్నాడు. నవ్వుతూ తన్నినవాడిది మంచి స్వభావం, నొప్పి పుట్టి నెట్టినవాడిది చెడ్డ స్వభావం. ఇదేం లెక్క? గొడుగు కింద కూర్చుని చూస్తే మనిషి లోపలి సంగతి తెలిసిపోతుందా?

తిరుగు ప్రయాణంలో సారు నాకు దూరంగా ముందు సీట్లో కూర్చున్నాడు. ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగితే చాయ్ తెచ్చి ఇచ్చాను. ఆయన ఎప్పుడూ సాసర్‌లో పోసుకుని తాగేవాడు. ఆ రోజు కప్పు ముట్టుకోలేదు.

"సారు, నేనేమో ఆ పెద్దోళ్ళు మెచ్చుకుంటరని..." అన్నాను.

అప్పుడు పేలాడు సారు. అన్నేళ్ళలో ఆయన గొంతు పెరగడం వినడం అదే మొదటిసారి. "మెచ్చుకున్నరా? సునో మల్లయ్యా. వానికి కోపం వస్తే నేను చూసుకునేటోన్ని. పది నిమిషాలల్ల వాడే చూసుకునేటోడు. ఆ కోపంతోనే గోల్ కొట్టేటోడు. నువ్వు వాన్ని కొట్టలే. పరీక్ష రాసే పిల్లగాని చేతిల కలం గుంజుకున్నవ్. ఇంటి పరువు నీది. ఆట వానిది. వాని ఆట నడుమల నీ పరువు ఎందుకు తెచ్చినవ్?"

బస్సులో నలుగురూ చూస్తున్నారు. నేను తల వంచుకున్నాను. చివరి సీట్లో నర్సింలు కిటికీకి తల ఆనించి పడుకున్నట్టు నటిస్తున్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు వాడు బంతి ముట్టలేదు. షాపులో నా పక్కన కూర్చుని చెప్పిన పనల్లా చేశాడు. ఎవరు ఏమన్నా "ఆ" అనేవాడు. ఊరంతా "నీ కొడుకు ఎంత నిమ్మళమైండు మల్లయ్యా," అని మెచ్చుకుంది. వాళ్ళమ్మ మాత్రం ఒకరోజు నన్ను నిలదీసింది: "నా కొడుకు తిట్టుకుంటనైన తిరిగేటోడు. ఏం జేసినవయ్యా వాన్ని?" సారు ప్రతి సాయంత్రం షాపు ముందు ఆగి, వాడితో ఒక్క మాట మాట్లాడేవాడు. "ఇయ్యాల కోపం వచ్చిందా?" అని. "లేదు సారు," అనేవాడు వీడు. సారు తల ఊపి పోయేవాడు. అయిదో నెలలో ఒకరోజు గిరాకీ ఒకడు సైకిల్ తీసుకుని, పని బాగా లేదని వీణ్ణి బూతులు తిట్టాడు. వీడు పాన నేలకేసి కొట్టి, "మంచిగ మాట్లాడు!" అని అరిచాడు. అప్పుడే సారు వచ్చాడు. ఆ అరుపు విని ఆయన ముఖం వెలిగిపోయింది. గిరాకీని బతిమాలి పంపి, "దా, బంతి తీస్కో," అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ మాత్రం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు మళ్ళీ హైదరాబాదునుంచి పిలుపు వచ్చింది. ఈసారి ఇంకో జట్టు. పాత సంగతి వాళ్ళ దాకా పోయింది. పిల్లవాడి నడవడి గురించి నేర్పిన మాస్టరునుంచి ఉత్తరం తెమ్మన్నారు. నేను సారు ఇంటికి పోయి బతిమాలాను. "సారు, శాంతమూర్తి అని ఒక్క మాట రాయున్రి. మీ చెయ్యి పడితే సాలు."

సారు ఇంగ్లీషులో రాసి, నాకు తెలుగులో చదివి వినిపించాడు. నాకు ప్రతి మాటా గుర్తుంది. "ఈ పిల్లవాడికి కోపం వస్తుంది. ఓడినందుకు కొంచెం, అన్యాయానికి చాలా. వచ్చినప్పుడు పది నిమిషాలు వీడి దగ్గరికి ఎవరూ పోవద్దు, తండ్రితో సహా. తర్వాత బంతి వీడికి ఇవ్వండి."

"సారు, గిట్ల రాస్తె వాని నోట్ల మన్ను కొట్టినట్టె గదా! తండ్రితో సహా అని నన్ను గూడ ఎక్కిస్తిరి!"

"ఎక్కించాలె. నువ్వు గూడ వాని ఆటల ఉన్నవ్ గదా."

"అబద్ధం ఒక్కటే గదా సారు. పిల్లగాని బతుకు."

సారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అప్పుడు తన సంగతి చెప్పాడు. వయసులో ఉండగా ఆయన కూడా హైదరాబాదులో ఆడాడట. కుడివైపు ఆయన పరుగు చూడ్డానికి జనం వచ్చేవారట. నోరు, చెయ్యి దురుసని పెద్దలు మందలించారట. ఉద్యోగం పోతుందని ఇంట్లోవాళ్ళు ఏడ్చారట. "సరే అని శాంతంగ ఉన్న మల్లయ్యా. తన్నినా శాంతంగనే, తిట్టినా శాంతంగనే. రెండేండ్లు మంచి స్వభావమని అందరు మెచ్చుకున్నరు. మూడో ఏడు బంతి నా పక్కకెల్లి పోతుంటె గూడ శాంతంగనే చూసిన. శాంతంగనే ఇంటికొచ్చిన." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "నర్సింలును అట్ల ఇంటికి తోలనియ్య," అన్నాడు.

ఆ ఉత్తరం నా చేతిలోంచి నర్సింలు చేతికి పోవడానికి రెండు రోజులు పట్టింది. చించేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను. చివరికి ఇచ్చేశాను. నేను హైదరాబాదు పోలేదు. వాడు పోయాడు. అక్కడి కోచ్, తనూ ఒకప్పుడు ఆడినవాడే, ఉత్తరం చదివి పెద్దగా నవ్వాడట. "ఇన్నేళ్ళలో నిజం రాసిన ఉత్తరం ఇదొక్కటే చూశాను," అన్నాడట. ఆటలో వీడికి మళ్ళీ దెబ్బ తగిలింది. మళ్ళీ మండిపడ్డాడు. కోచ్ గట్టు మీదనుంచి మిగతావాళ్ళకు "వాణ్ణి వదిలేయండి" అని చెయ్యి ఊపాడట. కాసేపయ్యాక బంతిని వీడికి ఇప్పించాడు. ఇద్దరిని దాటుకుని మూలనుంచి కొట్టిన గోలు గురించి నర్సింలు నాకు చెప్పలేదు. ముందు సారుకు చెప్పాడు. నేను సారు నోట విన్నాను. నాకు కోపం రాలేదు. కొంచెం వచ్చింది, అబద్ధమెందుకు.

ఆ జట్టులో నాలుగేళ్ళు ఆడాడు. అక్కడినుంచే కలకత్తా క్లబ్బువాళ్ళు చూసి తీసుకున్నారు. మొదటి ఆట అయిన రాత్రి వాడు ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి నాతో మాట్లాడాడు. మర్నాడు పొద్దున్నే సారు ఇంటికి పరుగెత్తాను. అప్పటికే ఆయనకు ఊపిరి ఆడడం కష్టంగా ఉంది. "ఆడిండు సారు! మస్తు ఆడిండట! జనం లేచి నిలబడ్డరట!" అని నేను అరిచి చెబుతుంటే సారు దిండు మీదనుంచి లేచి కూర్చున్నాడు. మొదట అడిగిన మాట, గోలు కొట్టాడా అని కాదు. "ఎవడన్న తన్నిండా?" అని. "రెండుసార్లు తన్నిన్రట సారు." "కోపమొచ్చిందట్నా?" "బాగ వచ్చిందట." సారు పెద్దగా నవ్వి, దగ్గు తెచ్చుకుని, మళ్ళీ నవ్వాడు. "బస్. ఇగ వాడు చాన ఏండ్లు ఆడ్తడు." నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అది.

అయ్యా, ఇదీ జరిగింది. చెప్పండి, ఇది గొర్రెపిల్లను చేసిన కథేనా? సంఘం పెద్దమనిషి మళ్ళీ ఎక్కడైనా మైకు పట్టుకుని ఆ మాట అంటే, నేను మళ్ళీ లేస్తాను. ఈసారి ఎవరు భుజం పట్టినా కూర్చోను. కొత్త మాస్టరుగారికి ఈ కాగితం నేనే పోయి ఇస్తాను. పిల్లలను ఎండలో నిలబెట్టాలనుకుంటే తన పేరు మీద నిలబెట్టుకోమనండి.

సారు పోయిన కబురు కలకత్తాకు చెప్పడానికి ఫోన్ కలిసేసరికి ఆ శుక్రవారం మధ్యాహ్నమైంది. నర్సింలు రైలెక్కి, సికింద్రాబాదులో దిగి, బస్సు పట్టుకుని ఆదివారం సాయంత్రం, సభ ముగిసిన తర్వాత సిద్దిపేట చేరాడు. సంచి షాపులో పడేసి, నేరుగా ఖబరస్తాన్‌కు నడిచాడు. నేను వెనకాలే పోయాను. కొత్త సమాధి ముందు నిలబడి వాడు మొదట ఏడవలేదు. గొంతెత్తి అరిచాడు: "ఒక్క నెల ఆగితే ఏమైతుండె సారు? నేనొచ్చెదాక ఆగరా? చెప్పకుండనె పోతరా?" దూరంగా ఎవరో ఫాతిహా ప్రార్థన చదువుకుంటున్న పెద్దాయన తల తిప్పి చూశాడు. నాకు సిగ్గు వేసింది. వాణ్ణి పట్టుకుని, ఊరుకో బిడ్డా, పెద్దోళ్ళు చూస్తున్నరు అందామని నా కాలు ముందుకు పడింది. గేటు కమ్మి పట్టుకుని ఆగిపోయాను.

వాడు చాలాసేపు అలా సారును తిట్టాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తవ్వినవాళ్ళు తొందరలో పైన వేసిన మట్టి పెద్దపెద్ద పెళ్ళలుగా ఉంది. ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి, పొడి చేసి, మళ్ళీ సమాధి మీద పోశాడు. ఇంకొకటి తీసుకున్నాడు. ఆ పెద్దాయన చదువు ముగించి, వాడి పక్కనుంచే తన దారిన వెళ్ళిపోయాడు. చీకటి పడేలోగా సారు మీద ఒక్క పెళ్ళ కూడా లేదు. చుట్టూ ఉన్న సమాధులన్నీ గట్టిపడి పగుళ్ళు తేలి ఉన్నాయి. ఆ ఒక్కటే విత్తనాలకు సిద్ధం చేసిన మడిలా మెత్తగా, సమంగా, వాడి పది వేళ్ళ గుర్తులతో ఉంది.